పసుపు వైనూ, ఫెర్జో బాకా

"ష్! మెల్లిగా మాట్లాడు. పీపా వింటుంది!" అని గుసగుసలాడాడు బార్నబే, నేలమాళిగ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నేనింకా నోరే విప్పలేదండీ మావయ్యగారూ," అన్నాడు ఫెర్జో, అంతకంటే మెల్లిగా. వాడి భుజాన ఇత్తడి బాకా తళతళలాడుతోంది.

"ఎవర్రా నీకు మావయ్య? బాకా ఊదేవాడికి నా పిల్లనిస్తానా?"

ఫ్రాన్సులోని ఆర్బువా ఊళ్ళో పసుపు వైను చేసే వాళ్ళందరికీ పీపా అంటే భక్తే. బార్నబేకి మాత్రం అది పిచ్చిగా ముదిరింది. పాల మీద మీగడలాగా పీపాలో వైను మీద తెల్లటి పొర కడుతుంది. ఆరేళ్ళు దాటేదాకా ఆ పీపాని కదపకూడదు, తరిగిన వైనుకి బదులు పోసి నింపకూడదు. పొర చిరిగిందా, వైను కాస్తా వెనిగర్! కదలిక సంగతి సరే, బార్నబే చప్పుడుని కూడా ఇంట్లోంచి తరిమేశాడు. అందరూ ఉన్ని మేజోళ్ళతోనే నడిచేవాళ్ళు. గురక పెట్టే అత్తగారినీ కూసే కోడిపుంజునీ ఒకే బండిలో పక్క ఊరికి పంపేశాడు. ఆ ఇంట్లో పిల్లి కూడా ఎలుకకి సైగ చేసి మరీ పట్టుకునేదంటే నమ్మండి. కూతురు ఒడీల్‌ని చూడ్డానికొచ్చే కుర్రాళ్ళ చెక్కబూట్లు టకటకలాడతాయని, వాళ్ళని ఆ వీధి మొగదలే ఆపేసేవాడు.

"ద్రాక్ష పండగ ఊరేగింపు దేవుడి పని గనక ఆపలేకపోయాను," అని పళ్ళు నూరాడు బార్నబే. "ఏటేటా నా గుమ్మం ముందే ఊదుకుంటూ పోయావు. అంత మేళంలోనూ నీ కూత నాకు విడిగా వినబడేదిరా! ఆవు ఈనేటప్పుడు అరిచినట్టు!"

"నాన్నా, ఇవాళ పీపా విప్పుతున్నావుగా," అంది ఒడీల్. "పొర నిలిచిందనుకో, అప్పుడో?"

"వీడు అంతలా ఊదాక ఇంకేం నిలుస్తుందే?"

"నిలిస్తే?"

"నిలిస్తే వీడికే ఇచ్చి చేస్తా, పో! వెనిగరైతే మాత్రం ఆ బాకా ఇక్కడే పాతిపెట్టి ఊరొదిలి పోవాలి. ఏరా, ఒప్పుకుంటావా?"

ఫెర్జో మొహం సున్నం కొట్టినట్టయింది. ఒడీల్ వంక ఒక్కసారి చూశాడు. "సరేనండీ," అన్నాడు.

ముగ్గురూ మునివేళ్ళ మీద కిందికి దిగారు. బార్నబే పీపాకి కుళాయి బిగించి తిప్పాడు. గ్లాసులోకి బంగారం జారింది. కళ్ళు మూసుకుని వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. కదలడు, మెదలడు. ఒడీల్ ఫెర్జో చెయ్యి పట్టుకుంది.

"అక్రోట్లు!" అని అరిచాడు బార్నబే. ఆ అరుపుకి సాలీళ్ళన్నీ గూళ్ళు వదిలి పరిగెత్తాయి. "అక్రోట్ల వాసనే! వెనకాల వేయించిన మెంతులు! మా తాత కూడా ఇంత గొప్పగా చెయ్యలేదు!"

ఒడీల్ ఏడుస్తూ నవ్వేసింది. బార్నబే గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, ఫెర్జో వీపు మీద ఒక్కటి చరిచాడు.

"మాటంటే మాటే. నీ కూతకి కూడా తట్టుకుందంటే అది పొర కాదురా, ఉక్కు రేకు! పెరట్లోకి పదండి. ఈ వైను పోసి కోడి వండుకుందాం. అల్లుడూ, ముందు నువ్వు ఊదు! ఆరేళ్ళుగా ఈ ఇల్లు చప్పుడెరగదు. ఊరు ఊరంతా ఉలిక్కిపడాలి!"

పెరట్లో ఫెర్జో బాకా పెదాలకి ఆనించాడు. బుగ్గలు గుమ్మడికాయలయ్యాయి. కనుగుడ్లు బయటికొచ్చాయి. బాకా మాత్రం "తుస్" అంది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ "తుస్".

"ఏమైందిరా?" అన్నాడు బార్నబే.

ఫెర్జో చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నాకు ఊదడం రాదండీ మావయ్యగారూ. మీ అమ్మాయి కిటికీ కిందనించి నడవాలంటే మేళంలో చేరడం తప్ప ఇంకో దారి లేకపోయింది!"