ఆరో పువ్వు

"అమ్మాయ్, ఐదు రోజులుగా చూస్తున్నా. పుట్టగొడుగులకని అడవికి పోతారు, బుట్టలో ఆకులు తెస్తారు. ఏం జంటర్రా మీరు!"

కోట మలుపులో పూలమ్మే అపోలెనా మామ్మ గట్టిగా అనేసరికి బొజెనా చూపు గేటు వైపు పోయింది.

పది అడుగుల్లో కోట గేటు. గేటు దగ్గర తుపాకీతో కాపలావాడు.

"మా ఆయనకి మంచిదేదో విషపుదేదో తెలిసి చావదు మామ్మా," అని నవ్వేసింది.

పక్కనే ఉన్న ఒత్మార్ నవ్వలేదు.

అతను ఆమె మొగుడూ కాదు, వాళ్లు పుట్టగొడుగులకీ రాలేదు. జర్మన్ల మీద చాటుగా పోరాడే దళం పంపితే, జర్మన్లు ఆక్రమించిన మొరావియాలోని ఆ పల్లెకు వచ్చారు. జర్మన్లు జైలుగా మార్చిన ఆ కోటలో, వాళ్ల దళం మనిషి లుబోర్ బందీగా ఉన్నాడు. శనివారం అతన్ని బండిలో వేరే జైలుకు తరలిస్తారని కబురు. దారిలో విడిపించాలి. దెబ్బలకు ఓర్వలేక అతను నోరు విప్పితే నలభై కుటుంబాలు నాశనమవుతాయి.

"ఈ ముసల్ది వాళ్ల మనిషే," మలుపు దాటాక పళ్లు నూరాడు ఒత్మార్. "వేసవిలో ఎక్కణ్ణించో ఊడిపడిందట. రోజూ కోటలో జర్మన్ అధికారి బల్ల మీద పూలు పెట్టొస్తుంది."

"పొట్టకూటికేలే, పాపం."

"అమ్ముడుపోయినవాళ్లందరిదీ అదే మాట!"

అయినా అనుమానం రాకూడదని రోజూ ఆగి పూలు కొనేవాళ్లు. ఒకరోజు మూడు, ఒకరోజు ఐదు. మామ్మే ఏరి ఇచ్చేది. ఇస్తూ బొజెనా చెంప నిమిరేది.

"చిక్కిపోయావేంటే తల్లీ? మీ అమ్మ చూస్తే ఏడవదూ?"

శనివారం వచ్చింది. బుట్టల అడుగున పిస్తోళ్లు, పైన ఆకులు.

మామ్మ అప్పుడే కోటలోంచి వచ్చి పీట మీద కూర్చుంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చామంతులు తీసి బొజెనా చేతిలో పెట్టింది.

బొజెనా లెక్కపెట్టింది. ఆరు.

బతికున్నవాళ్లకి అక్కడెవరూ సరిసంఖ్యలో పూలివ్వరు. సరిసంఖ్య పోయినవాళ్లకే.

"మతి పోయిందా ముసలమ్మా?" గయ్యిమన్నాడు ఒత్మార్. "కొత్త పెళ్లికూతురికి ఆరు పూలా?"

"ఇవాళ అడవికి పోకండి నాయనా. వానొచ్చేట్టుంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఒత్మార్ ఒక పువ్వు లాగి ఆమె కాళ్ల దగ్గర పారేశాడు. "ఆరట, ఆరు! నీ శవం మీద పెట్టించుకో!"

కాపలావాడు తిరిగి చూశాడు. వాడిదీ ఈ దేశమే, ఆరంటే ఏంటో వాడికీ తెలుసు.

బొజెనా వంగి ఆ పువ్వు తీసుకుంది. మామ్మ ఆమె చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.

అడవిలోకి రాగానే బొజెనా ఆగిపోయింది. "బండిని ఆపొద్దు. చూద్దాం, అంతే."

"పూలకి జడుస్తావా?"

"ఆవిడ నా చెయ్యి ఎలా నొక్కిందో నీకు తెలీదు."

అతనెంత చెప్పినా బొజెనా వినలేదు. ఇద్దరూ పొదల్లో పడుకున్నారు.

గడ్డి బండి వచ్చింది. ముందు కూర్చోబెట్టింది లుబోర్‌ని, చేతులు కట్టేసి ఉన్నాయి. అడవి మధ్య వంతెన దగ్గర బండి చాలాసేపు ఆగింది. ఎవరూ రాకపోయేసరికి గడ్డి కదిలింది. లోపల్నుంచి పన్నెండుమంది సైనికులు లేచి, ఒళ్లు దులుపుకుని, తిట్టుకుంటూ బండిని మళ్లీ కోటవైపే తిప్పారు.

ఊళ్లోకి ముందు పరుగెత్తింది ఒత్మారే. మామ్మ కాళ్లు పట్టుకోవాలి.

దారిలో రొట్టెల దుకాణం నడిపే ఆవిడ ఇద్దర్నీ లోపలికి లాగేసింది.

"ఎక్కడికి? మీకోసమే వెతుకుతున్నారు! అపోలెనాని పట్టుకుపోయారు. పొద్దున ఎవరో ఆరు పూలని అరిచారట, కాపలావాడు ఆ సంగతి చెప్పేశాడు."

ఒత్మార్ పిండిబస్తాల మధ్య కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మామ్మ తిరిగి రాలేదు.

మరుసటి ఏడు మే నెలలో జర్మన్లు పారిపోయారు. కోట తలుపులు తెరిచారు. లుబోర్ ఎముకల గూడైపోయాడు గానీ, ఒక్క పేరు చెప్పలేదు మహానుభావుడు. బొజెనా, ఒత్మార్ చెరో భుజం పట్టి అతన్ని కిందికి తీసుకొచ్చారు.

మలుపులో పీట అలాగే ఉంది. బొజెనా దాని మీద ఆరు పూలు పెట్టింది.

"ఎవరికి?" అన్నాడు లుబోర్.

"ఇక్కడ పూలమ్మే మామ్మకి. ఆ రోజు నీ బండి దగ్గరికి మమ్మల్ని రానివ్వకుండా కాపాడింది. నేనే చంపుకున్నాను," అన్నాడు ఒత్మార్.

లుబోర్ పూలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత పైకి, తన గది కిటికీ వైపు చూశాడు.

"అక్కణ్ణించి ఈ మలుపొక్కటే కనిపించేది. నాకు కనపడాలనే రోజూ ఇక్కడ కూర్చునేది, మా అమ్మ."