పది పాత పేపర్లు

"అరవై ఒకటి," అన్నాడు దర్జీ, ఆన్సర్ కీ మీంచి వేలు తియ్యకుండానే. "మళ్ళీ లెక్కపెట్టనా?"

"వద్దు నాన్నా. సరిగ్గానే లెక్కపెట్టావు," అంది కూతురు.

ఎంట్రన్స్ ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ పరీక్ష రాయడం ఆమెకిది మూడోసారి. మొన్నటిదాకా నూట నలభైకి తగ్గని పిల్ల, ఇవాళ కొత్త పేపరు పెట్టేసరికి చతికిలబడింది.

"నిద్ర చాల్లేదేమో?"

"బాగానే పడుకున్నా. ఆ పాత పేపర్లు పదే కదా, తిప్పి తిప్పి రాశాను. ప్రశ్న చదవకముందే జవాబు చేతికొచ్చేస్తోంది. నాకు సబ్జెక్టు రాలేదు, ఆ పేపర్లొచ్చాయంతే."

దర్జీ ఆన్సర్ కీ మూసేశాడు. మార్కులు పెరగాలంటే పాత పేపర్లే రుబ్బమని చెప్పింది తనే.

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండు నెలలైంది."

"మరి చెప్పడానికి నోరు పడిపోయిందా?"

ఆమె కుట్టుమిషన్ వైపు చూసింది. "నాకు మంచి మార్కులొచ్చినప్పుడల్లా నువ్వు మిషన్ తొక్కుతూ ఈల వేసేవాడివి. అమ్మ పోయాక మళ్ళీ నీ ఈల వినడం అదే మొదలు. ఎలా చెప్పను?"

తను ఈల వేసినట్టు దర్జీకే తెలియదు. కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు.

"తప్పుపోయిన మొదటి లెక్క నాకు చెప్పు."

"నీకర్థం కాదు నాన్నా."

"కాకపోనీ. చెప్పు."

చెప్పడం మొదలుపెట్టి, రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. "ఇక్కణ్ణించి నాకూ తెలీదు."

"సరే," అన్నాడు దర్జీ. "ఇద్దరం ఇక్కడిదాకా వచ్చాం. పుస్తకం తియ్యి, ఇక్కణ్ణించి మొదలుపెడదాం."