ఒంటిచేతి లెక్క

"ఇరవై ఎనిమిది మంది పిల్లలు. ఇరవై ఎనిమిది కాగితాలు. పది లెక్కల్లో తొమ్మిది అందరివీ కరెక్టు. ఒకటి అందరిదీ తప్పు. అదీ ఒకే తప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కళ్ళు చేస్తే పొరపాటు. తరగతి మొత్తం చేస్తే, ఎవరో చెప్పారని."

మూడో తరగతి గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదల్లేదు.

కిందటేడు లెక్కల్లో ఈ స్కూలు అట్టడుగున నిలిచింది. ఈసారీ అంతే అయితే పక్క స్కూల్లో కలిపేస్తామని పైనుంచి కాగితం కూడా వచ్చింది. అందుకే ఈ పరీక్ష. ఇన్‌స్పెక్టర్ లెక్క చదవడం, పిల్లలు జవాబు రాయడం. అంతే.

"వీళ్ళు నా మొహం చూడలేదు. నా భుజం మీంచి వెనక్కి చూశారు. నా వెనక నల్లబల్ల దగ్గర నిలబడింది మీ నలుగురే."

హెడ్‌మిస్ట్రెస్ శాలువా సర్దుకుంది. లెక్కల మాస్టారు మీసం సర్దుకున్నాడు. గుమస్తా హాజరు పట్టీల కట్ట సర్దుకున్నాడు. చైనీస్ టీచర్‌కి సర్దుకోవడానికి ఏమీ లేదు.

"తప్పయిన లెక్క ఏదో చెప్పను. భోజనాల గంటలోగా నాకు పేరు కావాలి. లేకపోతే ఈ తరగతి ఫలితాలు రద్దు," అని ఇన్‌స్పెక్టర్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎలా చెప్పారో మాత్రం తెలుసు. ముందు బల్ల మీద ఆ పాప కుడిచేత్తో రాస్తూ, ఎడమచేతి బొటనవేలు, చిటికెనవేలు చాపింది. ఏంటమ్మా అదంటే, ఆరు సార్, చైనీస్ లెక్క, అంది."

రెండు నెలలుగా పిల్లలకి చైనీస్ భాష చెబుతున్న టీచర్ మొదటివారంలోనే నేర్పిన విద్య అది. ఒకటి నుంచి పది దాకా ఒంటి చేత్తో చూపించవచ్చు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. చైనాలో బజార్లో బేరాలు ఇలాగే ఆడతారని చెప్పేసరికి పిల్లలకి పూనకం వచ్చింది. ఇంట్లో ఎన్ని బిస్కెట్లు కావాలో కూడా వేళ్ళతోనే చెబుతున్నారని తల్లులు మొత్తుకున్నారు.

"నేను మొదటే అన్నాను, ఈ చైనీస్ మనకెందుకని," అంది హెడ్‌మిస్ట్రెస్. "రోజూ కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నా. చదువు తక్కువ, ఆట ఎక్కువ."

"నేను చూపించలేదు మేడమ్."

"మరెవరమ్మా? మాస్టారా?"

"నాకు ఎక్కాలు రావంటే మా ఆవిడ కూడా నమ్మదు," అన్నాడు లెక్కల మాస్టారు. "నా గురించి ఆవిడ మామూలుగా ఏదైనా నమ్ముతుంది."

గుమస్తా కట్ట చూపించాడు. "పరీక్ష అయ్యేదాకా ఇది మోస్తూనే ఉన్నానండీ. నాకు ఖాళీ చెయ్యేదీ?"

"ఇంకేం, తేలిపోయింది," అంది హెడ్‌మిస్ట్రెస్. "భాష చెప్పేవాళ్ళకి లెక్కలు అంతంతమాత్రమే లెండి. నేనూ ఇరవై ఏళ్ళు భాష చెప్పినదాన్నే, నాకు తెలీదా."

చైనీస్ టీచర్ ముందు బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పాపని అందరూ రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూతపడదు. ఇవాళ మూతపడింది.

"రేడియో, అన్ని లెక్కలూ నీకు వచ్చినవేగా?"

"వచ్చు టీచర్. ఆ తప్పుదీ వచ్చు."

"మరి తప్పెందుకు రాశావు?"

"పెద్దవాళ్ళు చూపించారు కదా. పెద్దవాళ్ళకి తెలీదా అనుకున్నా."

"ఏ పెద్దవాళ్ళు నాన్నా?"

రేడియో పెదాలు బిగించింది. "ఒట్టేశాం టీచర్."

మూడో తరగతి మొత్తం బూట్ల వంక చూసుకుంది.

"ఒట్లు కూడా వేయించావా తల్లీ," అంది హెడ్‌మిస్ట్రెస్. గోడ గడియారం చూసింది. ఇంకా అయిదు నిమిషాలు. "గుమస్తా గారూ, రాయండి. పరీక్షలో జవాబులు చూపించినవారు, చైనీస్ టీచర్. పిల్లలకేమీ తెలియదు. ఫలితాలు రద్దు చేయవద్దని మనవి. చైనీస్ క్లాసు ఇవాళ్టితో ఆఖరు."

గుమస్తా కలం పరుగెత్తింది. చైనీస్ టీచర్ లేచి, కిటికీకి పిల్లలు కట్టిన ఎర్ర కాగితం లాంతర్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. మూడో లాంతరు దగ్గర ముడి రాలేదు. వెనక బల్లల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"ఇది కూడా రాయండి," అంది హెడ్‌మిస్ట్రెస్ హుషారుగా. "వారానికి ఏడు పీరియడ్లు. ఎనిమిది వారాలు. మొత్తం యాభై నాలుగు పీరియడ్లు ఈ వేళ్ళాటకి తగలేశాం. అవి ఇకనుంచి లెక్కలకి."

లెక్కల మాస్టారికి దగ్గొచ్చింది.

"ఎన్ని పీరియడ్లన్నారు మేడమ్?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"యాభై నాలుగండీ."

ఇన్‌స్పెక్టర్ ఒళ్ళోని కాగితాల్లోంచి పైది తీసి గుమస్తా ముందు పెట్టాడు. రేడియోది. పదో లెక్క, ఏడు ఎనిమిదులు. ఎదురుగా గుండ్రటి అంకెల్లో యాభై నాలుగు. దాని కింద కాగితంలోనూ అంతే. ఆ కింద దాంట్లోనూ అంతే.

భోజనాల గంట మోగింది. ఒక్క పిల్లా లేవలేదు.

"గుమస్తా గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "పైన చైనీస్ టీచర్ అన్నచోట కొట్టేసి, హెడ్‌మిస్ట్రెస్ అని రాయండి."