తొక్కించని నిమ్మకాయలు

ఇరవై అడుగుల పోలీసు రోబోలో కూర్చుని దాన్ని పరిగెత్తిస్తూ ఎస్సై అఖిలాండం పళ్ళు నూరింది. పాత దొంగ సింహాద్రి షోరూమ్‌లోంచి కొట్టేసిన కొత్త రోబో అంతకు రెండింతల వేగంతో పోతోంది. వాడు గోదావరి వంతెన దాటేశాడా, రేపట్నుంచి ఆమెకు మళ్ళీ ట్రాఫిక్ డ్యూటీయే.

చివరికి మైకు అందుకుంది.

"ఒరేయ్ సింహాద్రీ! కొత్త బండి కదా, నిమ్మకాయలు తొక్కించావా?"

ముందున్న రోబో టక్కున ఆగిపోయింది.

"అయ్యబాబోయ్, కంగార్లో మర్చిపోయానండీ మేడమ్! ఇప్పుడెలాగండీ?"

"నా దగ్గర రెండున్నాయి. దిగొచ్చి తీసుకుని, నీ రోబో పాదాల కింద పెట్టుకో."

సింహాద్రి దిగాడు. చెప్పులు విప్పి, నిమ్మకాయలు భక్తిగా సర్ది, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. జోడించిన ఆ చేతులకే బేడీలు పడ్డాయి.

వాడు నిట్టూర్చాడు.

"చూశారా మేడమ్, తొక్కించకుండా బయల్దేరితే ఇలాగే అవుద్ది!"