ఆఖరి గాజుపలక

ఫ్లాష్ భగ్గుమంది. వెలుగు చచ్చిన ఆవు మీద కాక, మంచె మీదున్న ఇద్దరి ముఖాల మీద పడింది. తీగ తగిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరాను ఎవరో వెనక్కి తిప్పారు.

"ఛత్! ఉన్న ఆఖరి గాజుపలక గూడ ఖరాబాయె!" అటవీ శాఖ వహీద్ పళ్ళు కొరికాడు.

నాలుగు రాత్రులుగా ఇదే వరస. తీగ తెగుతుంది, పలక మీద గడ్డి తప్ప ఏమీ పడదు. ఆవుల్ని చంపుతున్నది పులేనని తెల్లారేలోగా చూపించాలి. లేకుంటే, వాటిని కోసి కమ్యూనిస్టుల సంఘం దళానికి తిండి పెట్టాడంటూ మిలిటరీవాళ్ళు క్యాంపులో బంధించిన చెంచు లింగడిని కాల్చేస్తారు. వహీద్ పక్కనున్న ముసలి ఈదన్న ఆ లింగడి తండ్రి.

"ఈ కెమెరా డబ్బా తిప్పినోడు దొరకనీ తాతా, తోలు తీస్త!" అన్నాడు వహీద్.

గుడారంలో, ఎర్ర లాంతరు వెలుగులో, వహీద్ పలకను మందునీళ్ళలో ముంచాడు. మెల్లగా మంచె తేలింది. దాని మీద ముగ్గురున్నారు. నడుమనున్నవాడి చేతులకు బేడీలు, రొమ్ములో రూపాయంత తూటా తొర్ర.

"మన నడుమ ఎవడూ లేకుండె గద! ఎవడు వీడు?"

బయట కీచురాళ్ళు ఆగిపోయాయి. ఈదన్న పలక మీదికి వంగాడు.

"డబ్బా తిప్పింది వీడే, సాబ్. మా లింగడు."