కుర్చీలో చేసిన పరీక్ష

ఎండ యాభై డిగ్రీలు దాటితే తారు రోడ్డు పని ఆపే కాలం పోయింది. ఇప్పుడు ఒంటి వేడి తగ్గించే చల్లమాత్ర మింగితేనే పని. "పరిశోధనలో క్షేమమని తేలింది" అని కూలీల చేతికి కట్టిన తెర పట్టీ రోజూ చెబుతుంది. ఆ పట్టీలోనే ఉన్న పరిశోధన పత్రాన్ని మాత్రం ఎవరూ తెరవరు. కొమురమ్మ తెరిచింది. నిన్న మాత్ర మింగి కూడా సొమ్మసిల్లిన తమ్ముడు ఓదెలు మళ్ళీ మాత్రల వరసలో నిలబడ్డాడు మరి.

ముందు చివరి మాటలే చదివింది. అక్కడా క్షేమమే.

"నీకేం సమజైతదక్కా? మింగుదాం," ఓదెలు మాత్ర నోటిదాకా తెచ్చాడు.

"ఆగురా! ఎట్ల చేసిన్రో ఇంకా సదువలే."

"ఏం కొమురమ్మా, డాక్టరువైతున్నవా? తారు గడ్డకడ్తాంది!" మేస్త్రి అరిచాడు.

ఆమె తలెత్తలేదు. తెలియని మాటలు వదిలేసి తెలిసినవాటి మీద వేలు నడిపింది. ఎవరికిచ్చారు? పడుచువాళ్ళకి. ఎక్కడ? వేడి పెట్టిన గదిలో. ఏం చేయించారు? అక్కడ వేలు ఆగింది. తమ్ముడి చేతిలోని మాత్ర లాక్కుంది.

"మేస్త్రీ, మింగినోళ్ళను కుర్చీల కూసోబెట్టి సూసిన్రట. పార ఎవ్వడు పట్టలే."

"అయితే?"

"అయితే కుర్చీలు తెప్పియ్యి. మింగుతం."

ఓదెలు పోయి కంకర కుప్ప మీద చతికిలబడ్డాడు. వాడి వెనకే వరసంతా కూర్చుంది.