వేలు తీస్తే ఆగిపోయే గొంతు

రిపేరు షాపు నడిపే ఆమెకు, పోయిన తల్లి గొంతు మిగిలింది ఆ ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే. లోపల అతుకు ఊడి, వేలితో పక్కకు నొక్కి పట్టుకుంటేనే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతోంది. వేలు తీస్తే కాపీ ఆగిపోతోంది. షట్టర్ దించుకుని అలాగే పట్టుకు కూర్చుంది. వేలు తిమ్మిరెక్కింది. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

ఉలిక్కిపడి లేచేసరికి రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. కాపీ మాత్రం ఆగలేదు. ఎవరో నొక్కి పట్టినట్టు పెన్‌డ్రైవ్ పక్కకు వంగే ఉంది.

అమ్మ అంతే. వేళ్ల నొప్పులతో అల్లాడుతూ కూడా కూతుర్ని పని ముట్టుకోనిచ్చేది కాదు.

"అమ్మా, నీకు నొప్పెడుతుంది. ఇటివ్వు, నేను పట్టుకుంటాలే," అంటూ మెల్లగా చెయ్యి చాచింది.

పెన్‌డ్రైవ్ ఇంకాస్త గట్టిగా వంగింది.